రాజీపడి అప్పు తీర్చిన రైతునకు మరల తనఖా ఋణము

మొండిబాకీ విషయమై బ్యాంకువారితో రాజీపడి, ఒప్పుకొన్న సొమ్ము చెల్లించి, బాకీ లేదను పత్రమును పుచ్చుకొన్న రైతు తన పని ముగిసినదని తలంచును. పిమ్మట బోరునకో, ఇంటికో భూమిని తనఖా పెట్టి ఋణమడుగబోవగా తలుపు మూసియుండును. ఏలయన, ‘సిబిల్’ మున్నగు పరపతి సమాచార సంస్థల పట్టీలో వాని పేరున ‘ముగిసినది’ అని గాక ‘రాజీ’ అని వ్రాయబడియుండును. ఆ వ్రాత ఏడేండ్లకు తక్కువ గాకుండ నిలుచును. బ్యాంకు కొంత వదలుకొన్నందుకు ఇది వెల; వెల యుండుట తప్పని మేమనము. ఆ సంగతి చెప్పక సంతకము చేయించుట తప్పు. (2024 నాటి రుణమాఫీ వేఱు. అందు రైతు బాకీని ప్రభుత్వమే బ్యాంకునకు చెల్లించెను.)

రిజర్వు బ్యాంకు 2023 జూన్ 8న ప్రకటించిన రాజీ నిబంధనలు జిల్లా సహకార కేంద్ర బ్యాంకులకును వర్తించునట్లు చేయబడినవి. రాజీపడినవానికి మరల ఋణమిచ్చుటకు కొంత గడువు గడువవలయునని అందు విధించిరి. వ్యవసాయేతర ఋణములకు ఆ గడువు 12 నెలలకు తగ్గరాదు. వ్యవసాయ ఋణములకు మాత్రము ఆయా బ్యాంకుల పాలకవర్గములే నిర్ణయించుకొనవలయునని వదలిరి. మేము పట్టుబట్టునది ఇచ్చటనే. సహకార బ్యాంకు మన వాటాధనముతో నడచునది. ఆ గడువెంతయో వ్రాతమూలకముగ నిర్ణయించి, ప్రతి సంఘము గోడపై నంటింపవలయును. ఒకనికి ఆరు నెలలు, మఱియొకనికి మూడేండ్లు అని ముఖము చూచి చెప్పరాదు.

పటాన్‌చెరు చుట్టును కర్మాగారములు వెలసిన పిదప ఎకరము వెల పంటను బట్టి గాక రోడ్డును బట్టి పలుకుచున్నది. ఇట్టిచోట సంఘము పొమ్మన్న రైతునకు అప్పిచ్చువారు లేకపోరు. వారు తనఖా నడుగరు. విక్రయ దస్తావేజు నడుగుదురు. బాకీ తీరగనే తిరిగి వ్రాసి యిత్తుమని నోటిమాట చెప్పుదురు. అవసరము కొద్దిది, పోవునది తాతలనాటి పొలము.

రాజీకి దిగబోవు సభ్యులు సంతకమునకు ముందే పట్టీలో ఏమని వ్రాయుదురో యడుగుడు. శక్తియున్నచో తగ్గింపు కోరక మొత్తము తీర్చుటయే మేలు. తీర్చిన పిదప తనఖా రద్దు చేయించి, ఈసీ తీయించి చూచుకొనుడు. పరపతి పట్టీని ఏడాదికొకసారి రుసుము లేకుండ పొందవచ్చును. అందు తప్పున్నయెడల ఫిర్యాదు చేయుడు. 30 దినములలో సరిచేయకున్నచో, ఆపై దినమునకు 100 రూపాయల పరిహారము పొందు హక్కు 2024 నుండి కలదు.

రాబోవు మహాజనసభలో ఎవరైన నొక సభ్యుడు లేచి గడువు సంగతి యడిగినచో, తక్కినవారు ఆతనిని ఒంటరిగ నిలువనీయరాదని కోరుచున్నాము.