మణికొండ జాగీర్: పేరు మిగిలింది, కాగజ్ ఏదీ?



"ఐటీ రాకముందు మణికొండలో ఏముంది? బండలు, గుట్టలు!" ఈ మాట ప్లాట్లు అమ్మేవాళ్లు అంటే పోనీ అనుకోవచ్చు. మన పిల్లలూ అంటున్నారు. అందుకే ఈ రాత.

ఆ ఊరి రెవెన్యూ పేరు మణికొండ జాగీర్. ఆ లఫ్జ్ ఊరికే రాలేదు. కుతుబ్ షాహీల జమానాలో హుస్సేన్ సాగర్ కట్టించిన బుజుర్గ్‌గా చెప్పుకునే హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా అక్కడే ఉంది. దర్గా ఖిద్మత్ షరతు మీద దక్కిన జాగీరు అది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి లేచాక పక్కనున్న ఈ పల్లె ఆబాదీ ఒక్కసారిగా పెరిగింది. పాత ఊరి రైతులు, కూలీలు, పశువుల కాపరుల మధ్యకి కోస్తా నుంచి, రాయలసీమ నుంచి, ఉత్తరాది నుంచి సాఫ్ట్‌వేర్ కుటుంబాలు వచ్చి చేరాయి. అందులో మన ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. 2018లో పుప్పాలగూడ, నెక్నాంపూర్‌లను కలుపుకుని గ్రామ పంచాయతీ మున్సిపాలిటీ అయింది. 2025 చివర్లో దాన్నీ జీహెచ్ఎంసీలో కలిపేశారు. పంచాయతీ పోయి పదేళ్లు కూడా కాలేదు!

మరి దర్గా భూమి ఏమైంది? 1989 గెజిట్‌లో వక్ఫ్‌గా చూపింది 5,506 చదరపు గజాలు. 2006లో వక్ఫ్ బోర్డు సవరణ నోటిఫికేషన్ ఇచ్చి 1,654 ఎకరాలు అంది. అప్పటికే ప్రభుత్వం ఆ భూముల్ని పెద్ద పెద్ద కంపెనీలకు ఇచ్చేసింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదని, భూమి సర్కారుదేనని తీర్పు చెప్పింది. జాగీర్ల రద్దుతోనే దర్గా హఖ్ పోయిందన్నది కోర్టు మాట.

ఈ తీర్పు తర్వాత జల్సాల్లో ఏడ్చినవాళ్లు చాలామంది. నా సవాల్ వాళ్లకే. 1989 నుంచి 2006 దాకా, పదిహేడేళ్లు, ఆ గెజిట్ తెరిచి చూసిందెవరు? "మన బాప్‌దాదాల జమీన్" అని తఖ్రీర్ చేయడం సులువు. తహసీల్ ఆఫీసుకెళ్లి పహాణీ నకలు తీయడం కష్టం. కౌమ్‌కి లీడర్లు దొరికారు, మున్షీలు దొరకలేదు.

అక్కడ అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నవాడు మన దుష్మన్ కాదు. అప్పు చేసి ఫ్లాట్ కొన్న మామూలు మనిషి. అతని మీద కోపం తెచ్చుకుంటే ఒక్క గజం కూడా తిరిగి రాదు. జవాబు చెప్పాల్సింది భూమి అమ్మిన సర్కారు, నిద్రపోయిన బోర్డు.

2025 వక్ఫ్ సవరణ చట్టం తర్వాత కాగజ్ లేని ఖబరస్తాన్‌కీ, ఆషూర్‌ఖానాకీ ఇంకా కష్టకాలం. హైదరాబాద్ చుట్టూ కార్పొరేషన్‌లో కలిసిన ఊళ్లలో పాత మస్జిద్‌లు ఉన్నాయి, ఖబరస్తాన్‌లు ఉన్నాయి. వాటి సర్వే నంబర్ ఎంత? విస్తీర్ణం గెజిట్‌లో ఎంత, నేల మీద ఎంత? ముతవల్లీ ఎవరు? ఈ జుమా నమాజ్ తర్వాత మీ మస్జిద్ కమిటీని అడగండి. "చూద్దాం భాయ్" అంటే వచ్చే జుమా మళ్లీ అడగండి. ఇంట్లో చదువుకున్న బేటా, బేటీ ఉంటే ఆ నకళ్లు తీసే పని వాళ్లకి అప్పగించండి.