డిప్రెషన్ మాత్రలు వాడుతూ మద్యం తాగితే ఏమవుతుంది? ‘ఆ ఒక్క పూట మాత్ర మానేస్తే’ సరిపోతుందా?

తెలుగులో డాక్టర్ రాసేదీ మందే, బార్‌లో పోసేదీ మందే. డిప్రెషన్‌కు చికిత్స తీసుకుంటున్నవారికి ఈ రెండు మందులూ ఎప్పుడో ఒక రాత్రి ఎదురుపడతాయి. పెళ్లి, దావత్, ఆఫీసు పార్టీ... సందర్భం ఏదైనా కావచ్చు. అప్పుడు కొందరు పాటించే సొంత సూత్రం ఒకటుంది: ‘రెండూ కలవకూడదంట కదా, ఈ పూటకి మాత్ర మానేద్దాం.’

జాగ్రత్తలా కనిపించే ఈ పనిలోనే చిక్కుంది.

ఒక పూట వేసుకోనంత మాత్రాన మాత్ర ప్రభావం ఒంట్లోంచి పోదు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలీన్ లాంటివి రక్తంలో సగానికి తగ్గడానికే ఒక రోజు, అంతకు కాస్త ఎక్కువ పడుతుంది. ఫ్లూయాక్సెటీన్ అయితే వారాల తరబడి ఉంటుంది. సాయంత్రం మాత్ర పక్కన పెట్టినా, గ్లాసు ఎత్తే సమయానికి మందు రక్తంలో ఉండనే ఉంటుంది. చికిత్స క్రమం మాత్రం తప్పుతుంది.

ఈ మందుల ఫలితం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. వారానికి ఒకటి రెండు రోజులు మానేస్తూ, ఆ రోజుల్లోనే తాగుతూ ఉంటే ‘ఈ మాత్రలు నాకు పనిచేయట్లేదు’ అనిపించడం సహజం. మద్యం తాగిన కాసేపు మనసు తేలికైనట్టు ఉన్నా, తర్వాత నిద్రను చెడగొట్టి దిగులును పెంచుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లి తగ్గలేదని చెబితే ఆయన డోసు పెంచొచ్చు, మందు మార్చొచ్చు. తాగుడు సంగతి మాత్రం ఆ గదిలో ఎవరూ ఎత్తరు.

పారాక్సెటీన్, వెన్లాఫాక్సిన్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, వికారం, చిరాకు, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం ఉంటాయి. దీన్ని హ్యాంగోవర్ అనుకుని సరిపెట్టుకునే ప్రమాదమూ ఉంది.

అన్ని మాత్రలతోనూ ముప్పు ఒకటేనా?

కాదు. ‘డిప్రెషన్ టాబ్లెట్’ అని అన్నింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల ఈ తేడా తెలియకుండా పోతోంది. ఇప్పుడు ఎక్కువగా రాసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం (ఫ్లూయాక్సెటీన్, ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలీన్) వాడుతూ ఒకసారి తాగినంత మాత్రాన అందరికీ ప్రాణం మీదికి రాదు. మగత పెరగొచ్చు, అడుగు తడబడొచ్చు. ఈ మందులు కడుపులో రక్తస్రావం ముప్పును కొద్దిగా పెంచుతాయి. దానికి మద్యం, తెల్లారి తలనొప్పికి వేసుకునే ఐబుప్రొఫెన్ తోడైతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది.

అమిట్రిప్టిలిన్ సంగతి వేరు. ఇది పాత మందు, చవకైనది. నరాల నొప్పికి, మైగ్రేన్‌కు కూడా రాస్తారు కాబట్టి, తాము వాడుతున్నది డిప్రెషన్ మందుల కోవలోదని తెలియనివారూ ఉంటారు. మద్యంతో కలిస్తే మత్తు బాగా పెరుగుతుంది. డోసు మించితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. మిర్టజాపిన్‌తోనూ మత్తు ఎక్కువే. బుప్రోపియాన్ వాడేవారు అతిగా తాగినా, రోజూ తాగుతూ ఒక్కసారిగా ఆపేసినా ఫిట్స్ రావొచ్చు. డులాక్సెటీన్ బాగా తాగేవారి కాలేయానికి మంచిది కాదు.

వీటన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది చీటీలో పక్కనే ఉండే రెండో మాత్రకు. మొదటి వారాల్లో ఆందోళన తగ్గడానికి, నిద్ర పట్టడానికి క్లోనజెపామ్, ఆల్ప్రజోలం లాంటివి రాస్తుంటారు. మద్యం, ఈ మాత్రలు రెండూ మెదడును మందగింపజేసేవే. రెండూ కలిస్తే ఊపిరి బాగా నెమ్మదించి నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

‘నేను మందు ముట్టను, కల్లు మాత్రమే’ అనేవారు ఈ మాట ఇంకాస్త జాగ్రత్తగా వినాలి. తెలంగాణలో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కల్లు పట్టుబడిన కేసులు ఏళ్లుగా ఉన్నాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. కల్లు దుకాణంలో పోసే సీసాలో ఏ మాత్ర ఎంత కలిసిందో తాగేవారికి తెలిసే దారి లేదు.

డ్రైవింగ్ విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. పోలీసుల బ్రీత్ అనలైజర్ మద్యాన్నే కొలుస్తుంది, మాత్ర మత్తును కొలవదు. మెషిన్‌లో 20 చూపించినవారు కూడా బండి నడిపే స్థితిలో ఉండకపోవచ్చు.

మరి ఈ సంగతులు చెప్పాల్సింది ఎవరు?

మద్యం సీసాల మీద ‘ఆరోగ్యానికి హానికరం, తాగి వాహనం నడపొద్దు’ అనే హెచ్చరిక 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. ఏ మాత్రలతో కలిపితే ప్రమాదమో అందులో ఉండదు. మాత్రల స్ట్రిప్ మీద ఉండే చిన్న ఇంగ్లిష్ అక్షరాలు చాలామందికి అక్కరకు రావు. మిగిలింది డాక్టర్ గది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవారిలో సుమారు 43 శాతం, ఆడవారిలో దాదాపు 7 శాతం మద్యం తాగుతారు. అలాంటి చోట ‘తాగుతారా, వారానికి ఎన్ని రోజులు, ఎంత?’ అనే ప్రశ్న షుగర్, బీపీల గురించి అడిగినంత మామూలుగా ఉండాలి. కిక్కిరిసిన ఓపీలో, పక్కన భార్యో నాన్నో కూర్చుని ఉండగా అడిగితే వచ్చే జవాబు మాత్రం ‘లేదు సార్’ అనే. ఆడవారినైతే అసలు అడగరు. రోగిని ఒక్క నిమిషం ఒంటరిగా కూర్చోబెట్టి అడగడానికి ఖర్చేమీ లేదు.

చట్టం రోగి పక్షానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా మానసిక అనారోగ్యంగానే చూస్తుంది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని కోరే హక్కూ ఇచ్చింది. కొన్ని మినహాయింపులున్నా, ‘తాగుతానని చెబితే ఆఫీసుకు తెలిసిపోతుంది’ అన్న భయంతో డాక్టర్ దగ్గర దాచాల్సిన పని లేదు.

రోజూ ఎక్కువగా తాగేవారు మాత్రలు మొదలుపెట్టామని ఒక్కసారిగా మద్యం ఆపేయకూడదు. వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావొచ్చు. ఎలా తగ్గించాలో డాక్టర్‌నే అడగాలి. ఇప్పటికే తాగేసి ఉంటే ఆ రాత్రి నిద్రమాత్ర జోలికి వెళ్లొద్దు, బండి తీయొద్దు, ఒంటరిగా ఉండొద్దు. మానేసిన మాత్రకు బదులు మర్నాడు రెండు వేసుకోవద్దు. మనిషి లేపినా లేవకపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా తెల్లారేదాకా చూడకుండా 108కు ఫోన్ చేయాలి.

మద్యం నిగ్రహాన్ని సడలిస్తుంది కాబట్టి, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవారికి ఆ రాత్రులు మరీ ప్రమాదకరం. కేంద్రం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలీ మానస్ నంబర్ 14416. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. తాగి ఉన్నా సరే, ఫోన్ చేయొచ్చు.