సీటు ముందు, చదువు తర్వాత: మన పిల్లలు ఎందుకు అడగకూడదు?

ఈ రంజాన్‌లో ఒకరోజు నిజామాబాద్‌లో ఆపా వాళ్ళింట్లో ఇఫ్తార్. మగ్రిబ్ నమాజ్ అయ్యాక దస్తర్‌ఖాన్ ఎత్తేస్తూ భాంజీ నా చెవిలో మెల్లగా వేసింది: “మామూ, హార్వర్డ్‌లో ఎంబీఏకి అప్లై చేస్తా. అబ్బాకి మీరే చెప్పాలి.”

దూల్హాభాయ్ చెవిన పడనే పడింది. “బీటెక్ ఆఖరి ఏడాది ఇంకా గట్టెక్కలేదు. నౌకరీ లేదు. తజుర్బా లేకుండా ఎంబీఏలో ఎవరు తీసుకుంటారు? ఇదేం మజాక్?” అన్నారు.

ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. మన ఇళ్ళలో పిల్లల ముందుండేవి రెండే దారులు. అప్పు చేసి ఎమ్మెస్, లేదంటే దుబాయో జెద్దానో. ఇంకో దారి ఉందన్న ఖబరే మన గడప దాకా రాదు.

ఆ దారి పేరు డిఫర్డ్ అడ్మిషన్. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగానే దరఖాస్తు పెట్టాలి. సీటు ఇస్తే మన పేరు మీద అట్టే పెడతారు. రెండు నుంచి నాలుగేళ్ళు నౌకరీ చేశాక వెళ్ళి చేరాలి. అంటే దూల్హాభాయ్ అడిగిన తజుర్బా సీటు వచ్చాక సంపాదించుకోవచ్చు. హార్వర్డ్ దీన్ని ‘2+2’ అంటుంది, 2007లో ప్రకటించింది. స్టాన్‌ఫోర్డ్, వార్టన్, కొలంబియా, ఎంఐటీ, షికాగో బూత్‌లలో కూడా ఇలాంటివే ఉన్నాయి, షరతుల్లో కాస్త తేడా. మన గచ్చిబౌలి ఐఎస్‌బీ కూడా కాలేజీ పిల్లల నుంచి ఇలాంటి దరఖాస్తులు తీసుకుంటూ వచ్చింది.

కావాల్సినవి జీమ్యాటో జీఆర్ఈయో ఒక స్కోరు, కాలేజీ మార్కులు, మనల్ని ఎరిగిన ఇద్దరి సిఫారసు ఉత్తరాలు, వ్యాసాలు. ఆ గడప దాటితే ఇంటర్వ్యూ. ఎమ్మెస్ కోసం మన పిల్లలు ఎలాగూ జీఆర్ఈ రాస్తున్నారు. అదే స్కోరు ఇక్కడా చెల్లుతుంది, ఐదేళ్ళు నిలుస్తుంది. అదనంగా పెట్టేది దరఖాస్తు ఫీజు. హార్వర్డ్ 2+2కి అది 100 డాలర్లు. పేదింటి పిల్లలకు మాఫీ అడిగే వీలు కూడా ఉంది.

ఇది చెప్పగానే మూడు అడ్డంకులు లేచాయి. మీ ఇంట్లోనూ ఇవే లేస్తాయి.

మొదటిది పైసా. రెండేళ్ళ ఎంబీఏ ఫీజే లక్ష డాలర్లు దాటుతుంది. అంత సొమ్ముకి సూద్ కట్టడమా అని ఆపా గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ మసలా ఆలిమ్‌లను అడగండి, నేను చెప్పేవాణ్ణి కాను. నాకు తెలిసిందల్లా లెక్క. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో స్కాలర్‌షిప్ మార్కులు చూసి కాదు, అవసరం చూసి ఇస్తారు. తెలంగాణలో మైనారిటీ పిల్లలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద 20 లక్షల దాకా సాయం ఉంది. ఆదాయ పరిమితి, గడువు ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. వీటికి మించి, చేరేలోపు జీతం తెచ్చుకునే ఏళ్ళు చేతిలో ఉంటాయి. ఎమ్మెస్ అయితే సర్టిఫికెట్ చేతికొచ్చిన కొన్నాళ్ళకే అప్పు నెత్తికెక్కుతుంది.

రెండోది రిష్తా. “నాలుగేళ్ళు ఆగితే వయసు?” అంది ఆపా. ఆగమని ఎవరన్నారు? ఈ నాలుగేళ్ళూ పిల్ల హైదరాబాద్‌లోనే నౌకరీ చేయొచ్చు, మీ కళ్ళముందే ఉంటుంది. సంబంధం వస్తే మొదటిరోజే ఈ సీటు సంగతి చెప్పండి. విని వెనక్కి తగ్గే ఖాందాన్ ఎలాంటిదో నిఖాకి ముందే తెలిసిపోవడం కూడా మంచిదే.

మూడోది అన్నిటికన్నా బరువైంది. “మనవాళ్ళకెక్కడొస్తుంది లే.” అబద్ధం చెప్పను, పదిమందిలో ఒకరికి దొరకడం కూడా కష్టమే. పెద్ద కాలేజీల పిల్లలే ఎక్కువ. కానీ హార్వర్డ్ ఈ 2+2కి ఎవరు కావాలో తనే రాసుకుంది. బిజినెస్ స్కూలు దారి అంతగా పట్టని వాళ్ళు, ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం, కింది ఆదాయాల ఇళ్ళ పిల్లలు. మనం అర్హత లేదనుకుని దాచేదాన్నే వాళ్ళు అడుగుతున్నారు.

భాంజీ రాసుకున్న వ్యాసం చూశాను. ‘ప్రపంచస్థాయి నాయకురాలినవుతా’ అని మొదలు. అందులో అబ్బా దుకాణం ముచ్చటే లేదు. బైకు స్పేర్‌పార్టుల ఆ దుకాణంలో తొమ్మిదో తరగతి నుంచి ఖాతా పుస్తకం రాసింది ఎవరు? ఉధార్ పెట్టి ఎగ్గొట్టేవాళ్ళ పేర్లు వేరు చేసి, వసూలుకి శుక్రవారం జుమా అయ్యాక వెళ్ళమని తండ్రికి నేర్పింది ఎవరు? “అది రాస్తే నవ్వుతారేమో మామూ” అంది. నవ్వరు బేటా. అద్దె తెచ్చుకున్న వాక్యాలకే నవ్వుతారు. అదే రాయి.

నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను. స్కాలర్‌షిప్ ఉందన్న సంగతి ప్రతిసారీ గడువు దాటాకే తెలిసేది. మా గరీబీలో పైసా లేకపోవడం సగమే. ఖబర్ లేకపోవడం మిగతా సగం. ఆ రెండో సగాన్ని మన పిల్లలకు వారసత్వంగా ఇవ్వొద్దు.

అందుకే తల్లిదండ్రులకు నా అర్జ్. పిల్లలు ఆఖరి ఏడాదిలోకి రాకముందే ఈ మాట ఇంట్లో ఎత్తండి. ఎక్కువ గడువులు ఏప్రిల్ చుట్టూ ఉంటాయి, జీఆర్ఈ అంతకు కొన్ని నెలల ముందే అయిపోవాలి. వ్యాసాలు రాసిపెడతామని లక్షలు అడిగేవాళ్ళ జోలికి పోకండి. సీటొస్తే నిలుపుకోవడానికి కొంత డిపాజిట్ కట్టాలి, వీసా కూడా అప్పటికప్పుడు తేలాల్సిందే. ఇవన్నీ తెలిసే దిగండి. రాకపోతే పోయేది ఫీజు, కొన్ని రాత్రుల నిద్ర. జీఆర్ఈ మిగులుతుంది, రెండేళ్ళ తర్వాత మామూలు దారిలో మళ్ళీ అడిగే హక్కూ మిగులుతుంది.

దూల్హాభాయ్ ఆ రాత్రి హా అనలేదు, నా అనలేదు. మర్నాడు సహరీ దగ్గర మాత్రం కూతురితో, “ఆ వ్యాసంలో దుకాణం పేరు సరిగ్గా రాశావా?” అని అడిగారట. భాంజీ దరఖాస్తు పంపింది. జవాబు ఇంకా రాలేదు. దువా చేయండి.