పీచు తినమంటాం సరే, నమిలేదెవరు?

షుగరు ఉన్నవారికి, మలబద్ధకం ఉన్నవారికి, రక్తంలో కొవ్వు ఎక్కువైనవారికి పీచు పదార్థం ఎక్కువగా తినమని డాక్టర్లు చెబుతారు, మేమూ చెబుతాం. మంచి సలహాయే. ఆఫ్రికాలోని ఉగాండాలో చాలాకాలం పనిచేసిన సర్జన్ డెనిస్ బర్కిట్ 1970లలో ఈ సంగతిని లోకానికి చాటారు. అయితే అందరికీ ఒకే మాట చెప్పి పంపడం చాలదని మా అభిప్రాయం. ముందు ఆ మనిషి నోట్లో పళ్లు ఎన్ని ఉన్నాయో చూడాలి.

పీచు అంతా ఒక్కటి కాదు. రాగుల్లో, పప్పుల్లో ఉండేది వేరు. తేగల్లో, తాటిపండులో, ముదిరిన మునక్కాయలో దారాల్లా సాగే నార వేరు. అరటి దూట తరిగేటప్పుడు మన అమ్మలు ఆ దారాన్ని వేలికి చుట్టి తీసి పారేసేవారు. నార తీయకుండా గోరుచిక్కుడు వండితే అత్తగారు ఊరుకునేవారు కాదు. అది చాదస్తం కాదండీ. ఈ నారలో ఎక్కువగా ఉండేది సెల్యులోజు. దానిని కరిగించే రసం మన కడుపులో లేదు. ఆవుకు కూడా సొంతంగా లేదు, దాని పొట్టలోని సూక్ష్మజీవులే ఆ పని చేసిపెడతాయి. మనకున్నవి పళ్లే. బాగా నమిలితే నార చిన్న ముక్కలై మలంతో పోతుంది. మింగేస్తే పొడుగు దారంగానే కడుపులోకి దిగుతుంది.

పళ్లు లేని పెద్దవారిలో, పూర్వం కడుపు ఆపరేషన్ అయినవారిలో, ఏళ్ల తరబడి షుగరు ఉండి కడుపు కదలిక మందగించినవారిలో ఈ దారాలు చిక్కుపడి ఉండకట్టే ప్రమాదం ఉంది. ఆ ఉండ పేగులోకి జారి అడ్డుపడితే ఆపరేషన్ చేయవలసి రావచ్చు. బత్తాయి తొనల పొరలు కూడా ఇలా ఉండకట్టగలవు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘస్థులు వార్డుకు బత్తాయిలు తెస్తారు, సంతోషం. కడుపు ఆపరేషన్ అయిన రోగికి ఇచ్చేముందు మాత్రం డ్యూటీ సిస్టరును అడగండి.

కడుపు ఉబ్బి, మెలిపెట్టే నొప్పితో వాంతులవుతూ, గాలి కూడా పోకపోతే ఆముదం తాగించవద్దు. అడ్డు ఉన్నచోట విరేచనాల మందు హాని చేస్తుంది. నోటికి ఏమీ ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, రాత్రయినా సరే.

అలాగని పెద్దవారికి పీచు మాన్పించి, తెల్లన్నం మజ్జిగతో సరిపెట్టడం మాకు బొత్తిగా ఇష్టం లేదు. చాలా ఇళ్లలో జరిగేది అదే, తరువాత నాలుగు రోజులైనా విరేచనం కావడం లేదని బాధపడతారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, కూర్చుని పనిచేసే పురుషునికి రోజుకు సుమారు 30 గ్రాముల పీచు కావాలి. అది తేగలతోనే నింపనక్కరలేదు కదా! రాగి జావ, మెత్తగా ఉడికిన పెసరపప్పు, మగ్గిన బొప్పాయి పెట్టండి. తోటకూర ముదురు కాడలు తీసేసి, ఆకు సన్నగా తరిగి ఉడికించండి. మునక్కాయ గుజ్జు స్పూనుతో గీకి అన్నంలో కలపండి. నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పినవారు తప్ప మిగతావారు నీళ్లు బాగా తాగాలి, పీచుకు నీరు తోడు లేకపోతే మలం ఇంకా గట్టిపడుతుంది.

ఇక కట్టుడు పళ్ల సంగతి. డబ్బాలో దాచి పెళ్లిళ్లకు మాత్రమే పెట్టుకునేవారు మన సంఘంలో తక్కువేమీ లేరు. వదులై చిగురు ఒరుసుకుంటుంటే దంతవైద్యునికి చూపించి సరిచేయించుకోండి. అప్పటివరకు తేగలు తినాలని మనసు లాగితే, పైనార ఒలిచి, మెత్తని భాగాన్ని చిన్న ముక్కలుగా కోసి ఇమ్మని మనవలను అడగండి.