‘లిటిల్’, ‘ఎ లిటిల్’: ఒక యక్షరము విలువ

ఆంగ్లభాషాభ్యాసమున మన బాలబాలికలను మిక్కిలి తికమకపెట్టునవి పెద్దపదములు కావు, చిన్నపదములే. అందు ‘లిటిల్’, ‘ఎ లిటిల్’, ‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’ అను నాలుగును ముఖ్యములు. లెక్కింపరాని నీరు, పాలు, ధైర్యము మొదలగువానికి ‘లిటిల్’ అనియు, లెక్కింపదగిన బావులు, బిందెలు, మనుష్యులు మొదలగువానికి ‘ఫ్యూ’ అనియు బడులలో నేర్పుచున్నాము. అది యొప్పే. కాని యంతటితో పాఠము ముగించుట చాలదని నా యభిప్రాయము. ‘ఎ’ అను నొక యక్షరము చేరుటవలనను చేరకుండుటవలనను కలుగు నర్థభేదమే యసలైన పాఠము.

మన యనంతపురము సీమలో సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలలో తమ నీటిని చాలవరకు విడిచి వచ్చును. ఈశాన్య ఋతుపవనములు మనదాక వచ్చునప్పటికి బలహీనమగును. కావున కొరతను గూర్చిన మాటలు మనకు నిత్యావసరములు. ఒక బావిలో రెండు బిందెల నీరున్నదనుకొనుడు. ‘దేర్ ఈజ్ ఎ లిటిల్ వాటర్ ఇన్ ది వెల్’ అన్నచో ‘బావిలో కొంచెము నీరు కలదు’ అని యర్థము. ‘ఎ’ తీసివేసినచో ‘బావిలో నీరు అంతగా లేదు’ అని యర్థము. నీరు మారలేదు, చెప్పువాని చూపు మారినది. మొదటి వాక్యము ఉన్నదానిని చూపును, రెండవది లేనిదానిని చూపును.

ఇచ్చట మన తెలుగే మంచి గురువు. వాక్యమును మొదట తెలుగున తలచి, చివర ‘కలదు’ వచ్చునో ‘లేదు’ వచ్చునో చూడవలెను. ‘కలదు’ వచ్చినచో ‘ఎ’ నుంచవలెను. ‘లేదు’ వచ్చినచో విడువవలెను. ఆంగ్లేయులును ‘ఫ్యూ’ను లేమిగానే యెంచుదురు. అందుచేతనే ‘ఫ్యూ పీపుల్ కేమ్’ అను వాక్యము చివర ‘డిడ్ దే?’ అని యడుగుదురేగాని ‘డిడంట్ దే?’ అనరు. తెలుగున తలచుటవలన ఆంగ్లము చెడునని కొందరు వాదింతురు. మాటకు మాట పెట్టినచో చెడును, నిజమే. ‘కొంచెము’ అను నొక్క మాటనే పట్టుకొనువాడు రెంటికిని భేదము కానడు. భావమును తూచుటకు మాతృభాషను త్రాసుగా గొన్నచో చెడదు.

ఇది పరీక్షలో నొక మార్కుతో పోవునది కాదు. చదువురాని పెద్దలు తమ యూరి విన్నపమును బడిపిల్లవానిచేత వ్రాయించుకొనుట కలదు. ఎండిన యూరిని గూర్చి ‘ఎ ఫ్యూ వెల్స్ హావ్ వాటర్’ అని వ్రాసినచో, ‘కొన్ని బావులలో నీరున్నదిగదా, తొందర లేదు’ అని యధికారి తలపవచ్చును. ‘ఎ’ లేనిచో నీటిబండి పంపవలెనని తోచును. పది బావులలో రెంటనే నీరున్నదని లెక్కయు జేర్చినచో సందేహమే యుండదు. ఉపాధ్యాయులకును ఇదే నియమము. ప్రగతిపత్రమున ‘లిటిల్ ప్రోగ్రెస్’ అని వ్రాసినచో తండ్రి నిరాశపడును. ‘ఎ లిటిల్ ప్రోగ్రెస్’ అన్నచో బిడ్డను మరల బడికి ప్రోత్సహించి పంపును.

కావున ఖాళీలు పూరింపుమనుటతో నాపక, ఆ మాటనే యేల యెంచుకొంటివని విద్యార్థి నడుగవలెను. విద్యార్థులారా! కారణము చెప్పగలిగిన నాడే ఆ మాట మీదగును.