దూలా అంటే పెళ్లికొడుకు

మమ్మల్ని అడుగుతూనే వున్నారు. బడిలో అడిగారు. హాస్టల్లో అడిగారు. ఉద్యోగాల్లో చేరాక క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ అడిగారు. "మీ పీర్ల పండుగ పాటలో ఆ దూలా ఏమిటి?" అని. కొందరు నవ్వుతూ అడిగారు. కొందరు కాగితం కలం పట్టుకుని అడిగారు. కొందరు నేరం ఒప్పించేటట్టు అడిగారు. అడిగిన ప్రతివాడి దగ్గరా జవాబు ముందే వుంది. మా నోటి నుంచి వినాలని అడిగినవాళ్లు తక్కువ.

ఆ పాట మాకు ప్రాణం. తెలంగాణ పల్లెల్లో పుట్టిన మాకు జోలపాట తర్వాత చెవిన పడ్డ పాట అదే. మొహర్రం నెలవంక కనపడగానే పీర్ల కొట్టం ముందర గుండం తవ్వుతారు. రాత్రి మొద్దులు అంటుకుంటాయి. డప్పు వేడెక్కుతుంది. ఆ గుండం చుట్టూ అలావా ఆడతారు. డప్పు కొట్టేది మాదిగాయన. అడుగు వేసేది గొల్లాయన, చాకలాయన, సాయిబుల పిలగాడు. పీరు ఎత్తుకునే మొక్కు ఎవరికున్నా వుండొచ్చు. పాటలో హసన్, హుసేన్ అన్నదమ్ములు ఆశన్న, ఊశన్న అవుతారు. కర్బలా ఎక్కడో ఇరాక్‌లో వుండదు, మా వూరి చెరువుకట్ట దిగితే వస్తుంది. నీళ్లకోసం ఏడ్చే పసిపిల్లలు మా వాడ పిల్లలే అవుతారు. చరణం ముగిసిన ప్రతిసారీ అందరి గొంతులూ కలిసి ఆ మాట మీద వాలతాయి. దూలా.

మరి ఆ మాటకి ఎవరెవరు ఏమేం అర్థాలు చెప్పారో వినండి.

బడిలో మా పక్క బెంచీవాడు చెప్పిన అర్థం అందరికీ తెలిసిందే. తెలుగులో దూల అంటే దురద. "దూల తీరిందారా?" అని మొహర్రం మర్నాడు క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు. మేం తలొంచుకున్నాం. మాకు అర్థం తెలియదు కాబట్టి తలొంచుకున్నాం. ఆ పాట పాడినందుకు మొదటిసారి సిగ్గుపడింది ఆ రోజే.

జానపద పాటలు పోగుచేసే పండితుడు ఇంకో అర్థం చెప్పాడు. చెప్పాడనడం కూడా తప్పే, లేదని చెప్పాడు. అది వూతపదమట. లయకోసం పెట్టుకున్న శబ్దమట. పామరులు పలికే పాటలో అలాంటి అర్థంలేని మాటలు వుంటాయట. ఆయనకి సంస్కృతం వచ్చు, తెలుగు వచ్చు. ఆ రెండింట్లో దొరకని మాటకి అర్థం లేదని తేల్చేశాడు. పక్క గుడిసెలో తలుపు తడితే చెప్పేవాళ్లున్నారని ఆయనకి తోచలేదు.

కాషాయం కండువా వేసుకున్నాయన ఎక్కువ శ్రమపడ్డాడు. అది దూలా కాదు, ధూళి అన్నాడు. మంట చుట్టూ తిరగడం కాముని దహనమేనన్నాడు. ఆశన్న, ఊశన్న అన్న పేర్లు చూడండి, ఎంత తెలుగు పేర్లో అన్నాడు. కాబట్టి మీరు మొదట మావాళ్లే, ఇంటికి తిరిగి రండి అన్నాడు. మేం ఇంట్లోనే కూర్చుని వున్నాం. మా ఇంటి గుమ్మంలో నిలబడి మమ్మల్ని ఇంటికి రమ్మంటున్నాడాయన!

ఇక మా లోపలి నుంచి వచ్చినాయన. పట్నంలో చదువుకుని, గడ్డం సవరించుకుని, మా వూరి మసీదు వరండాలో కూర్చుని చెప్పాడు. ఇదంతా బిద్అత్. డప్పు హరాం. హుసేన్‌ని ఊశన్న అనడం అపచారం. ముందు మీ తలఫ్ఫుజ్ దిద్దుకోండి, తర్వాత దీన్ గురించి మాట్లాడండి. ఆ మాటకి అర్థమేమిటి హజ్రత్ అని అడిగితే, తెలుసుకోవలసిన అవసరం లేదన్నాడు. షియాల వ్యవహారం మనకెందుకన్నాడు. ప్రవక్త మనవడు దాహంతో చనిపోతే ఏడవడానికి తెగ పేరు అడిగి ఏడవాలా?

చివర మా సెక్యులర్ మిత్రుడు. ఈయన మీద కోపం తెచ్చుకోవడం కష్టం. ఈయన మమ్మల్ని ప్రేమిస్తాడు. దూలా అంటే ఏమిటో ఆయన అడగలేదు. "అర్థం ఎందుకండీ, అది మతసామరస్యం!" అన్నాడు. ఫోటో తీసుకున్నాడు. హిందువులు పీరెత్తారు, ముస్లింలు మొక్కారు, చూడండి మన గంగాజమునా సంస్కృతి అని వ్యాసం రాశాడు. ఆ వ్యాసంలో మేం వున్నాం, మా మాట లేదు. మా పాట ఆయనకి బొమ్మల కొలువులో ఒక బొమ్మ.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాం. ఇది మాకు ఏ విశ్వవిద్యాలయమూ చెప్పలేదు. మా నానీలు, దాదీలు చెప్పారు. రొట్టె నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు కడుతూ చెప్పారు. ఇన్నాళ్లూ మేం పండితుల్ని అడిగాం, మౌల్వీల్ని అడిగాం, పుస్తకాల్ని అడిగాం. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషిని అడగలేదు. అడిగిన రోజు ఆమె మావైపు జాలిగా చూసింది. "గింత సదివినవ్, గది తెల్వదా బేటా? దూల్హా. పెళ్లికొడుకు. ఖాసిం దూల్హా. రాత్రి లగ్గమైంది, తెల్లారి పానం పోయింది" అంది. ముద్ద కట్టడం ఆపలేదు. కళ్లు మాత్రం తుడుచుకుంది.

ఖాసిం ఇమాం హసన్ కొడుకు. హుసేన్‌కి అన్న కొడుకు. 680లో కర్బలాలో చనిపోయినవాళ్లలో పసివాడు. యుద్ధానికి ముందు హుసేన్ తన బిడ్డనిచ్చి అతనికి పెళ్లి చేశాడని కథ. హైదరాబాదులో ఈనాటికీ మొహర్రం ఏడో రోజు ఖాసిం మెహెందీ చేస్తారు. పెళ్లికొడుకు గోరింటాకు అది. ఆ నెలలో మా ఇళ్లల్లో పెళ్లిళ్లు ఎందుకు పెట్టుకోరో అప్పుడు అర్థమైంది. మా ఆడవాళ్లు పాట వినపడగానే ఎందుకు పనులు వదిలి గుమ్మంలోకి వచ్చేవాళ్లో అర్థమైంది. మగవాళ్లం గుండం చుట్టూ గెంతుతూ పాడుతున్న మాటని మా ఆడవాళ్లు గడప లోపల నిలబడి అర్థంతో సహా మోశారు. వాళ్లకి గుండం దగ్గర చోటు తక్కువ. పెళ్లి గురించి, ముండమోపితనం గురించి మాత్రం ఎవరూ వాళ్లకి విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ పెళ్లి కథ పాత చరిత్రల్లో లేదని ఆలిములు అంటారు. నిజమే. పదహారో శతాబ్ది మొదట్లో కాషిఫీ పారశీకంలో రాసిన రౌజతుష్షుహదా నుంచి అది వ్యాపించింది. షియా ఆలిముల్లోనే చాలామంది దాన్ని ఒప్పుకోరు. ఒప్పుకోకపోవచ్చు. మేం ఇక్కడ చెబుతున్నది పెళ్లి జరిగిందా లేదా అన్నది కాదు. ఒక మాటకి అర్థం వుందా లేదా అన్నది. వుంది. నాలుగైదు వందల ఏళ్ల ప్రయాణం చేసిన అర్థం వుంది.

నానీ మాట నమ్మనివాళ్లకి అచ్చు కాగితం కావాలి కదా. అదీ వుంది. దక్కనుకు చెందిన జాఫర్ షరీఫ్ ఇక్కడి ముస్లింల ఆచారాల మీద ఖానూన్-ఎ-ఇస్లాం అనే గ్రంథం రాశాడు. మద్రాసులో కంపెనీ వైద్యుడుగా వున్న హెర్క్‌లాట్స్ రాయించి, ఇంగ్లీషు చేస్తే 1832లో లండన్‌లో అచ్చయింది. అందులో అలావా గుండం చుట్టూ ఆడేవాళ్ల కేకలు నమోదు చేశారు. హసన్, హుసేన్ పేర్ల పక్కనే దూల్హా అన్న మాట వుంది. పెళ్లికొడుకు అన్న అర్థం కూడా వుంది. మా బడి సారు నవ్వడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆ మాటకి అర్థం పుస్తకంలో వుందన్నమాట. పండితుడి బీరువాలో ఆ పుస్తకం లేదు. వుండవలసిన అవసరం ఆయనకి కనపడలేదు.

మాట అరిగిందంటారు. దూల్హా దూలా అయింది, హసన్ ఆశన్న అయ్యాడు. అయితే ఏమిటి? ఇదే మొహర్రం ఊరేగింపుల్లో "యా హసన్, యా హుసేన్" అన్న కేకలు ఇంగ్లీషు సోల్జర్ల చెవికి హాబ్సన్-జాబ్సన్ అని వినపడ్డాయి. ఆ వంకర మాటనే యూల్, బర్నెల్ దొరలు తమ నిఘంటువుకి పేరు పెట్టుకున్నారు. 1886లో అచ్చయింది. నేటికీ పండితులు దాన్ని గౌరవంగా తిరగేస్తారు. దొర నోట్లో వంకరపోతే నిఘంటువు. మాదిగాయన నోట్లో, దూదేకులాయన నోట్లో వంకరపోతే అజ్ఞానం. పైగా దొర ఆ పేర్లు విని నవ్వుకున్నాడు. మావాళ్లు ఆ పేర్లకి 'అన్న' చేర్చుకున్నారు. హుసేన్‌ని ఊశన్న అనడంలో తప్పిన ఉచ్చారణ ఒక్కటే వినపడేవాడికి చుట్టరికం వినపడదు. తెలంగాణ పల్లెలో ఎవరినైనా అన్నా అని పిలిచామంటే వాడి చావు మా ఇంటి చావు అని అర్థం.

మా పాట చిక్కుముడి అంటారు. అది మీకు చిక్కుముడి ఎందుకయిందో చెబుతాం. ఆ పాట సగం తెలుగు, సగం తురకం. దాన్ని విప్పాలంటే రెండు చేతులు కావాలి. వచ్చిన ప్రతివాడూ ఒంటిచేత్తో వచ్చాడు. పండితుడు తెలుగు మాత్రమే తెచ్చాడు, కాబట్టి దూలా ఆయనకి చప్పుడయింది. హజ్రత్ అరబ్బీ తెచ్చాడు, కాబట్టి ఊశన్న ఆయనకి అపచారమయ్యాడు. కండువా ఆయన ఒక చేత్తో ముడి పట్టుకుని ఇంకో చేత్తో కత్తెర తీశాడు. మేం మాత్రం పుట్టిన దగ్గర్నుంచి రెండు చేతులతో బతుకుతున్నాం. అమ్మీ అని పిలుస్తాం, అన్నం పెట్టమంటాం. మీ లెక్కలో మేమే ఒక అర్థంకాని పాటలం. తెలుగువాడి దగ్గరికి పోతే "మీరు తెలుగు భలే మాట్లాడతారే!" అని ఆశ్చర్యం. పాతబస్తీకి పోతే "ఇదేం ఉర్దూ?" అని వెక్కిరింత.

తెలుగు భలే మాట్లాడతామా? తత్సమం ఒక్కటీ లేకుండా అచ్చతెలుగులో రాసిన మొదటి కావ్యం యయాతి చరిత్ర. పొన్నెగంటి తెలగన దాన్ని అంకితమిచ్చింది అమీన్ ఖాన్‌కి. కుతుబ్‌షాహీల కాలంలో. అచ్చతెలుగు పుట్టినింటి పురుడు ఖర్చు పెట్టుకున్నది ఒక ఖాన్ సాబు. ఆయన వారసుల్ని పట్టుకుని తెలుగు ఎలా వచ్చిందని అడుగుతారా?

ఇక మీ తెలుగు సంగతి. పట్నంలో కిరాయికి ఇల్లు అడుగుతాం. పేరు వినగానే "ఇల్లు ఖాళీ లేదు" అంటారు. కిరాయి మా మాట. ఖాళీ మా మాట. ఇల్లొక్కటే మాది కాదు! గొడవ జరిగిన ప్రతిసారీ సరిహద్దు దాటి పొమ్మంటారు. సరిహద్దు కూడా పారశీకం నుంచి మాతో నడిచి వచ్చిన మాటే. మమ్మల్ని వెళ్లగొట్టడానికి కూడా మా మాటలు లేకుండా మీకు సాగడం లేదు. అలాంటిది దూలా ఒక్కటే మీకు అర్థంకాని మాటయిందా?

మా హజ్రత్‌కి ఒక మాట. మీరు పల్లెలోకి వచ్చి గుండాలు పూడ్పించారు. కొన్నిచోట్ల గెలిచారు కూడా. గుండం పూడ్చిన వూళ్లో మాదిగాయన డప్పు మా వాడకి రావడం మానేసింది. గొల్లాయన మొక్కు వేరే గుడికి పోయింది. ఆ ఖాళీలోకి కండువా వచ్చి కూర్చుంది. మీ తలఫ్ఫుజ్ చక్కగా వుండవచ్చు. గొడవ వచ్చిన రాత్రి మా తలుపు ముందు నిలబడేది తలఫ్ఫుజ్ కాదు, అలావాలో మా భుజం పట్టుకుని అడుగేసినవాడు. నమాజు చదువుతాం, రోజా వుంటాం, ఖాసిం కోసం ఏడుస్తాం. ఈ మూడింట్లో ఏది తీసేసినా మిగిలేది మేం కాదు.

మా సెక్యులర్ మిత్రులకీ ఒక మాట. మీ ప్రేమ మాకు తెలుసు. కానీ సామరస్యం అన్న మాటతో మా పాట నోరు మూయకండి. ఆ పాట సామరస్యం గురించి కాదు. రాజుకి తలవంచని వాళ్ల గురించి. నీళ్లు ఆపేసిన వాళ్ల గురించి. ఒక్క రాత్రి పెళ్లికూతురు గురించి. అది సంబరం కాదు, శోకం. మా వూరి మాదిగాయనకి నీళ్లు ఆపడం అంటే ఏమిటో తెలుసు. అందుకే ఆ డప్పు అంత గట్టిగా మోగింది. అతను మాతో కలిసింది మీ వ్యాసం కోసం కాదు, తన దాహం అక్కడ వినపడింది కాబట్టి.

పదో రోజు మీరంతా వస్తారు. పీర్లు లేస్తాయి, ఊదు పొగ లేస్తుంది, షర్బత్ పంచుతాం, ఫోటోలు తీసుకుంటారు. పీర్లని సాగనంపి, దట్టీలు విప్పి, పెట్టెలో పెట్టి మేం ఇళ్లకి పోతాం. పదకొండో రోజు గుండంలో బూడిద మాత్రమే వుంటుంది. ఆ రోజు ఒకసారి రండి. మా నానీ పక్కన కూర్చోండి. దూలా అంటే ఏమిటమ్మా అని అడగండి. ఆమె చెబుతుంది. చెప్పాక నవ్వగలిగితే నవ్వండి.