బాకీ వాళ్ళది, వడ్డీ అమ్మది

మా అశోక్ నగర్‌లో సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల ఎటు చూసినా గ్రూప్స్‌కి చదివే పిల్లలే. మా పై వాటాలో అద్దెకుండే అమ్మాయీ అంతే. మొన్న ఏడుస్తూ కిందికొచ్చింది. ఇంజనీరింగ్ అయిపోయినా కాలేజీవాళ్ళు సర్టిఫికెట్లు ఇవ్వట్లేదట. "ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు, మీరే కట్టి తీసుకెళ్ళండి" అన్నారట. ఊళ్ళో వాళ్ళమ్మ పుస్తెలతాడు తాకట్టు పెడతానంటోంది.

2008లో ఈ పథకం వచ్చినప్పుడు ఎందరు అమ్మలు ఊపిరి పీల్చుకున్నారో! ర్యాంకు పదివేలు దాటిన బీసీ పిల్లలకి ఏడాదికి 35 వేలే ఇస్తారు. పైది ఎలాగూ మనమే కడతాం. ఆ 35 వేలైనా వేళకి రావు. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ చేశాయి.

కాలేజీకీ కష్టమే, కాదనను. కానీ బాకీ పడింది ప్రభుత్వం. పట్టుకుంది పిల్ల కాగితాలు. వడ్డీ కట్టేది తల్లి. ఇదెక్కడి న్యాయం? ఆ లెక్క వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోవాలి, సర్టిఫికెట్లు మాత్రం పిల్లల చేతికివ్వాలి.

వాళ్ళమ్మకి ఫోన్ చేయించాను. "తాడు తియ్యకమ్మా, సోమవారం కాలేజీకి నేనూ వెళ్తాను" అన్నాను.

మీ ఇంటి దగ్గరా ఇలాంటి పిల్ల ఉంటే, ఒంటరిగా పంపకండి.